పసుపు రాసినవి పీకరాదు

ఆశ్వయుజ శుద్ధ విదియ. పొద్దుటి పాటు, నీళ్ళు వెనక్కి తీశాయి.

ఈ రోజు చెప్పుల్లో రెండు పీతలు. గట్టుపేటకి వచ్చి మూడు వానాకాలాలు దాటినా చెప్పులు దులిపి తొడుక్కోవడం నాకింకా అలవాటు కాలేదు. మా పెనుకొండ వైపు చెప్పుల్లో తేళ్ళు ఉంటాయి. తేలుకి ఒక మర్యాద ఉంది, కుట్టి తన దారిన పోతుంది. పీత పట్టుకుంటే వదలదు. ఈ ఊరి మనుషులూ అంతే.

మడ పనుల దినచర్య రోజూ రాయమని కొండ ఆఫీసు ఉత్తర్వు. రోజూ రాసేంత ఓపిక లేదు కాబట్టి చెప్పుకోదగింది జరిగిన రోజున రాస్తున్నాను. ఇప్పటి పరిస్థితి ఇది. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న మడ అడవి ఎండిపోయింది. ఏరు సముద్రంలో కలిసే మొగకి అడ్డంగా ఉప్పుతుమ్మ పెరిగింది. సర్కారు తుమ్మకి ముని మనవరాలు ఇది, ఉప్పు నీళ్ళకి కూడా చావదు. దాని వేళ్ళ చుట్టూ ఇసుక పేరుకుని మొగ మూసుకుపోయింది. పోటు నీళ్ళు లోపలికి రావడం లేదు. నీళ్ళు రాకపోతే నేను నాటిన మడ మొక్కలు బతకవు, అవి బతకకపోతే తుపాను అలకి అడ్డం పడేది ఏదీ ఉండదు. కార్తీక పౌర్ణమి పెద్ద పోటుకి నీళ్ళు మడలోకి వస్తే ఊరు ఉంటుంది. రాకపోతే ఊరిని ఎత్తి మెట్ట టవర్లలో పెడతారు.

నీళ్ళు వస్తే నాకు కొండ ఆఫీసుకి బదిలీ. అక్కడ నేల గట్టిగా ఉంటుంది. కాలు వేస్తే కాలు అక్కడే ఉంటుంది. ఈ సుఖం కోసం నేను ఏ పనైనా చేస్తాను.

యంత్రాలు డజను పంపుతామన్న ఆఫీసు ఒక్కటి పంపింది. కాగితాల్లో దాని పేరు హరిత సంరక్షక్. గేదెంత ఎత్తు, ఎనిమిది కాళ్ళు, ముందు రెండు పట్టుకార్లు. ఊరివాళ్ళు మొదట ఎండ్రకాయ, అంటే పీత, అన్నారు, తర్వాత అది మాట్లాడే తీరు విని ఎండ్రయ్య చేశారు. పసుపుపచ్చ రంగు పూసిన మొక్కని ఉంచుతుంది, పూయని మొక్కని పీకుతుంది. నిన్న రంగు డబ్బా అయిపోయింది. మళ్ళీ ఎప్పుడు పంపుతారని అడిగితే ఆఫీసు నుంచి ఒక నమస్కారం బొమ్మ వచ్చింది.

అందుకని పక్కింటి మల్లాడి అప్పయమ్మని పసుపు అడిగాను. ఆవిడ ఇల్లూ నా ఇల్లూ పీపాల మీద పక్కపక్కనే తేలుతుంటాయి. ఆవిడ ఇంటి కప్పు మీద పండే పసుపు ఊరంతటికీ సరిపోతుంది.

"ఆముదంలో కలపండి మేడంగారూ, నీటికి పోదు," అంది. ఎందుకని మాత్రం అడగలేదు.

రాశాను. ఎండ్రయ్య వచ్చి వంగి చూసింది.

"మాన్యురాలా, వర్ణము సరిపోలుచున్నది. కానీ నిశ్చయము చాలదు. రెండవ గుర్తు కావలెను."

పసుపు ఇచ్చిన గిన్నెలోనే కుంకుమ భరిణె కూడా ఉంది. ఒక చుక్క పెట్టాను.

"పసుపు, దానిపై ఎర్రచుక్క. ఇది ఉంచవలసినది, పెంచవలసినది. గ్రహించితిని."

సాయంత్రానికల్లా మొక్కలన్నిటికీ రాసేశాను. నడుం పడిపోయింది గానీ తెలివైన పని చేశానని సంతోషంగా ఉంది.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి. మధ్యాహ్నపు పోటు, నీళ్ళు మొగ బయటే ఆగాయి.

మడ మొక్కల దగ్గర అరటిపళ్ళు కనిపించాయి. ఒక్కో మొక్క దగ్గర ఒక్కోటి. కొన్నిచోట్ల అగరొత్తులు కూడా. అరటిపళ్ళ కోసం మేకలు దిగాయి, వాటి వెనక ఎండ్రయ్య దిగింది. "అజములారా, ఇచట ప్రవేశము లేదు" అని అరుస్తూ పొద్దంతా వాటిని తరిమింది.

ఊరి పెద్ద పెమ్మాడి గంగరాజు నా గుమ్మంలోకి వచ్చి, చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ అమ్మవారండీ?"

"అమ్మవారు కాదప్పా. రంగు అయిపోయింది. అందుకే పసుపు రాసినా."

"ఆయ్. అర్థమైందండి. పైకి సెప్పకూడదు. మేమడగం లెండి."

"చెప్పకూడనిది ఏమీ లేదు గంగరాజూ. యంత్రానికి గుర్తు కావాల్ల, అంతే."

"గుర్తు కావాలండి. అమ్మకైనా గుర్తు ఉండాలి కదండీ," అని దండం పెట్టి వెళ్ళాడు. దండం నాకో, నా వెనక కిటికీలోంచి కనిపిస్తున్న మడకో తెలియలేదు.

ఆశ్వయుజ శుద్ధ దశమి. పాటు, ఊరంతా బురదలో.

దసరా. ఆయుధపూజ చేస్తారని నాకు తెలుసు. మా ఊళ్ళోనూ చేస్తారు. తెలిసినదాన్ని ముందే ఆలోచించాలని మాత్రం తోచలేదు. పొద్దున్నే ప్రతి ఇంటివాళ్ళూ పడవ ఇంజన్లకీ, వలల సీసపు గుళ్ళకీ, మంచినీళ్ళ యంత్రాలకీ, గ్రైండర్లకీ పసుపు రాసి బొట్లు పెట్టారు. పెట్టి పులిహోర తినడానికి లోపలికి వెళ్ళారు.

వచ్చి చూస్తే ఇంజన్లు లేవు.

ఎండ్రయ్య వాటిని ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి మడలో నాటింది. వరసగా, సమానమైన ఎడంతో, మోకాలి లోతున. గంగరాజు పడవ ఇంజను చుట్టూ తాటాకు దడి కూడా కట్టింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి దాని మొదట్లో కుళ్ళిన చేపల ఎరువు వేస్తోంది.

"ఏం చేస్తాండావు నువ్వు?"

"ఉంచవలసినవానిని మడలో ఉంచితిని, మాన్యురాలా. గ్రైండరు కొంచెము వాడినది. ఇంజనుకు ఇప్పుడిప్పుడే వేరు పట్టుచున్నది."

ఊరంతా పండగ బట్టలతో బురదలోకి దిగి ఎవరి ఇంజను వాళ్ళు పెకలించుకున్నారు. గంగరాజు తన ఇంజనుని బిడ్డలాగ చంకన పెట్టుకుని, నా ముందు నుంచి, కావాలని నెమ్మదిగా నడిచి వెళ్ళాడు. తిట్టినా బాగుండేది.

ఎండ్రయ్యకి నియమం మార్చాను. "ఇనుముకూ కర్రకూ కాదు. ప్రాణం ఉండేవాటికి మాత్రమే. అర్థమైందా?"

"ప్రాణము గలవానికి మాత్రమే. గ్రహించితిని."

ఇక సమస్య తీరింది.

ఆశ్వయుజ బహుళ చవితి. పొద్దుటి పాటు.

తీరలేదు. ఏటి మొగలో అన్నిటికంటే పెద్ద తుమ్మ, మొగని మూసేసిన తుమ్మల్లో మొదటిది, ముసలిది, దానికి నిలువునా పసుపు. మధ్యలో నా అరచేయంత బొట్టు. మొదట్లో కొబ్బరికాయ చెక్కలు. ఎండ్రయ్య దాని చుట్టూ అప్పుడే దడి కట్టి, ఎరువు వేసి, ఎండ తగలకుండా కొమ్మలు సర్దుతోంది.

"ఇది కలుపు. పీకాల్సింది దీన్నే."

"పసుపు ఉన్నది. ఎర్రచుక్క ఉన్నది. ప్రాణము ఉన్నది. మాన్యురాలి నియమములు మూడును పూర్తి అయినవి."

ఎవరు రాశారో అడగక్కర్లేదు. ఆముదం వాసన వస్తోంది. అప్పయమ్మ ఇంటి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. వల కుడుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"మీ మొక్కలకి మీరు రాసుకున్నారు. నా సెట్టుకి నేను రాసుకున్నాను. అమ్మవారు మెట్టోళ్ళ సొత్తా ఏంటి?"

ఇది అక్కడితో ఆగితే బాగుండేది. మధ్యాహ్నానికి ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక తుమ్మ గుర్తుకొచ్చింది. వలలు ఆరేసుకునే తుమ్మ ఒకరికి, నీడన చీట్లాడుకునే తుమ్మ ఒకరికి. గంగరాజుకి ఏ తుమ్మతోనూ పని లేదు. ఊరి పెద్దకి ఒక్కటైనా లేకపోతే నామోషీ అని రెండిటికి రాయించాడు.

ఊరిని ఎత్తేస్తారని చెప్పి చూశాను. "మా తాత టైం నించీ ఎత్తేత్తానే ఉన్నారండి," అన్నాడు గంగరాజు. "ఎత్తేవోళ్ళు అలిసిపోయేరు గానీ మేం కదల్లేదు."

ఆశ్వయుజ బహుళ దశమి. పోటు, మొగ బయటే.

చేపల ఎరువు తిన్న తుమ్మ ఎలా పెరుగుతుందో ఇంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నేను చూస్తున్నాను. మొగలో కుక్క దూరే సందు ఉండేది, అదీ పూడింది. లోపల నా మడ మొక్కల ఆకులు పసుపు రాయకుండానే పసుపుపచ్చగా మారుతున్నాయి.

కొండ ఆఫీసు నుంచి మా పై అధికారి శేషశయనం గారు తెర మీదకి వచ్చారు. ఆయన వెనక పొడి గోడ. తడి మరక ఒక్కటి లేదు. ఆయన మాటలు సగం విన్నాను, సగం ఆ గోడనే చూశాను.

"ఓబులేశ్వరీ, ఉపగ్రహంలో చూశాను. మొగ దగ్గర భలే పచ్చగా ఉంది. శభాష్."

"అది తుమ్మ సార్."

"పచ్చగానే ఉందిగా."

"పచ్చగా ఉండేదే సార్ మన కష్టం."

ఆయన వాచీ చూసుకున్నారు. "సరే. పౌర్ణమికి నీళ్ళు లోపలికి రావాలి. లేకపోతే టవర్లలో గదులు సిద్ధం చేయించాను. పదిహేడో అంతస్తు. చేపలు ఎండబెట్టుకోవడానికి వీల్లేదని ముందే చెప్పు. నీ బదిలీ కాగితం మీద సంతకం మాత్రమే మిగిలింది," అని తెర మీద నుంచి వెళ్ళిపోయారు.

పదిహేడో అంతస్తులో అప్పయమ్మని ఊహించుకున్నాను. సరిపడలేదు. నాకెందుకు అనుకుని పడుకున్నాను.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి. మధ్యాహ్నం, ఎండ.

ఈ రోజు చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. భోజనాలయ్యాక ఊరంతా కునుకు తీసే వేళ చూసి, తడిగుడ్డ, కుంకుడు రసం తీసుకుని మొగ దగ్గరికి వెళ్ళాను. పసుపు లేకపోతే ఎండ్రయ్య పీకేస్తుంది, అంతే కదా లెక్క. ముసలి తుమ్మ మీద గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిచాను.

ఎండ్రయ్యకి తుపాను హెచ్చరికల కోసం బిగించిన పెద్ద మైకు ఒకటి ఉందన్న సంగతి మరిచిపోయాను.

"హెచ్చరిక. హెచ్చరిక. అధికారిణి గారు బొట్టు చెరుపుచున్నారు."

గట్టు వెంట ఒక్కో గుమ్మంలో ఒక్కో తల కనిపించింది. ఆడవాళ్ళందరూ బయటికి వచ్చారు.  నా చేతిలో ఎర్రగా అయిన గుడ్డ ఉంది. అప్పయమ్మ నన్నూ గుడ్డనీ చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇక్కడ తలుపులు గాలికి తప్ప మూసుకోవు.

పొద్దు గూకేలోగా తెలిసింది, నాతో ఎవరూ మాట్లాడటం లేదని. మూడేళ్ళుగా రోజుకి పదిసార్లు "భోంచేసేరా" అని అడిగి ప్రాణం తీసిన ఊరు ఒక్కసారి కూడా అడగలేదు. అప్పయమ్మ ఇంటి నుంచి రోజూ వచ్చే చేపల పులుసు గిన్నె రాలేదు. అలవాటుగా తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాను. వచ్చింది ఎండ్రయ్య ఒక్కటే.

"మాన్యురాలా, భుజించితిరా?"

లేదని చెప్పలేకపోయాను. అయిందని తల ఊపాను.

కార్తీక శుద్ధ పాడ్యమి. పొద్దుటి పాటు.

దీపావళి ఊరంతా చేసుకుంది, నేను చూశాను. ఇక ఓర్చుకోలేక పొద్దున్నే పసుపు కలుపుకుని వెళ్ళి, నేను చెరిపిన చోట నా చేత్తోనే మళ్ళీ రాశాను. గుండ్రంగా బొట్టు పెట్టాను. వెనక్కి తిరిగితే అప్పయమ్మ గట్టు రాయి మీద కూర్చుని ఉంది.

"వంకర," అంది.

"అవ్వా, తప్పయింది."

కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది. కూర్చున్నాను. ఆవిడ రెండు అరచేతులూ నా ముందు చాపింది. నిండా తెల్లటి మచ్చలు, చిన్నచిన్న చుక్కలు.

"పాత ఊరు మునిగిన్నాడు నాకు పట్టుకోడానికి ఏదీ లేదు. ఇల్లెల్లిపోయింది, పడవెల్లిపోయింది. ఇదొక్కటే దొరికింది. అప్పుడిది నా నడుమంత లావు కూడా లేదు. వదిలితే పోతాను, పట్టుకుంటే ముళ్ళు దిగుతున్నాయి. పట్టుకున్నాను. ఇది మంచి సెట్టు కాదని నాకు తెలీదనుకున్నావా? చేపని రానివ్వదు, పక్కన గడ్డిని మొలవనివ్వదు. కానీ నన్నొదల్లేదు కదా. ఇప్పుడు నేనెలా వదిలెయ్యను?"

మా కాళ్ళ ముందు బురదలో చిన్న పీతలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"దీన్ని ఉంచితే ఊరు పోతాది అవ్వా. ఈసారి నిజంగానే ఎత్తేస్తారు. గదులు కూడా చూసినారు. నేను ఊరి కోసమే ఇదంతా చేస్తాండానని చెప్పను. నీళ్ళు వస్తే నాకు బదిలీ ఇస్తారు, అందుకు చేస్తాండా."

"నీకెల్లిపోవాలనుందా?"

"ఉంది."

"దీనికి లేదు కదా. ఎల్లాలని ఉన్నోళ్ళని పంపొచ్చు. ఉండాలని ఉన్నోళ్ళని పీకుతారా?"

"మా పక్క ఆడబిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు పోవాలని ఉందా అని ఎవరూ అడగరు అవ్వా. కానీ ఉత్త చేతులతో పీకి పంపరు. పసుపు రాసి, కొత్త చీర పెట్టి, ఒడిలో బియ్యం పోసి, ఊరంతా పొలిమేర దాకా వచ్చి పంపుతారు. బిడ్డ యాడున్నా బతకాల్ల, అంతే."

అప్పయమ్మ ముక్కు చీదింది. తర్వాత బేరం మొదలుపెట్టింది, దాంతో పని అవుతుందని నాకు తెలిసింది.

"బతకాలి. నరకడాలూ కాల్చడాలూ లేవు."

"వేళ్ళతో ఎత్తిస్తా. పెద్ద సిమెంటు గాబులో నాటిస్తా. కాయ కాయనీకుండా చూస్తే ఎవరికీ చెరుపు లేదు."

"ఎక్కడ?"

"కొండ ఆఫీసు వరండాలో. శేషశయనం గారికి పచ్చగా ఉంటే చాలు."

"చీరెవరు పెడతారు?"

"నేను పెడతా."

"నీ మెట్ట చీరలొద్దు, గోనెపట్టాలు. ఉప్పాడ జరీ ఉండాలి." ఉప్పాడ మునిగిపోయింది గానీ ఆ మగ్గాలు మాత్రం పీపాల మీద తేలుతూ ఇంకా ఆడుతున్నాయి. "నేనే నేయిస్తాను. నువ్వు బియ్యం చూసుకో."

ఇంటికి వచ్చాక పులుసు గిన్నె వచ్చింది. ఎండ్రయ్యకి కొత్త నియమం చెప్పాను, అది తిరిగి అప్పజెప్పింది.

"పసుపు, ఎర్రచుక్క ఉన్నచో ఉంచవలసినది. వానితో కొత్త చీర కూడా ఉన్నచో సాగనంపవలసినది. కొత్త చీర లేనిదానిని పోనీయరాదు. గ్రహించితిని."

కార్తీక శుద్ధ నవమి. పోటు, గరగల మోత.

ఇంత పని ఇంత తొందరగా అవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. కారణం భక్తి కాదు. అప్పయమ్మ తన తుమ్మకి జరీ చీర పెడుతోందని తెలియగానే, తమ తుమ్మకి చీర పెట్టలేని ఇల్లు అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. పొద్దున్నే మొగలో ప్రతి తుమ్మకీ చీర. గంగరాజు రెండిటికీ పట్టుచీరలు పెట్టి, పదిమందీ చూసేదాకా అక్కడే నిలబడ్డాడు.

అమ్మవారి కలశాలు, గరగలు, తల మీద ఎత్తుకున్నవాళ్ళు ముందు ఆడుతుంటే డప్పులు మోగాయి. ఎండ్రయ్య ముసలి తుమ్మ చుట్టూ మట్టి తవ్వి, మొదలు కింద పట్టుకార్లు పెట్టి, వేరు తెగకుండా లేపింది. చీర కొంగు జారితే ఆగి సర్దింది. ఆ బరువు మోస్తూనే డప్పుకి తగినట్టు అడుగు మార్చింది. అది దానికి ఎవరు నేర్పారో తెలియదు. పిల్లలూ పెద్దలూ ఈలలు వేశారు.

అప్పయమ్మ సరుకు పడవ దాకా చెట్టు పక్కనే నడిచింది. ఒడిబియ్యం తానే పోసింది. ఆఖరికి ఒక కొమ్మని గట్టిగా పట్టుకుని వదిలింది. అరచేతిలో ముల్లు దిగింది, చూసుకుని, తీసెయ్యకుండా పిడికిలి మూసుకుంది. నేను పక్కకి తిరిగి ముక్కు తుడుచుకున్నాను. ఆ సమయంలో కళ్ళలో పొగ పడిందని చెప్పడానికి పొగ కూడా లేదు.

మిగతా తుమ్మలు వేరే పడవలో బొగ్గుల బట్టీకి వెళ్ళాయి. పరవాలేదా అని గంగరాజుని అడిగాను.

"పొలిమేర దాకా మర్యాద మనదండి. దాటేక వాళ్ళ అత్తోరు సూసుకుంటారు."

కార్తీక పౌర్ణమి. పొద్దుటి పోటు.

ఈ ఆరు రోజులూ ఎండ్రయ్య ఇసుక తోడుతూనే ఉంది. ఊరు కూడా పారలు పట్టుకుని దిగింది. పొద్దున్న అందరం గట్టు మీద నిలబడ్డాం. నీళ్ళు మొగ దాకా వచ్చి, ఎప్పటిలాగే ఆగాయి.  తర్వాత సన్నటి పాయ ఒకటి ఇసుక మీద నాలుగు జానల దూరం పాకి, కొంచెం ఆలోచించినట్టు నిలిచి, లోపలికి దూరింది. దాని వెనక సముద్రం దూరింది.

మడ మొక్కల మొదళ్ళు తడిశాయి. నీళ్ళతో పాటు చేపపిల్లలు వచ్చాయి. ఊరు ఉంటుంది. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఎవరో నా చెయ్యి పట్టుకుంటే చూడకుండానే నేనూ పట్టుకున్నాను, అరచేతిలో మచ్చలు తగిలాయి.

నీళ్ళలో నిలబడి ఎండ్రయ్య అంది: "ఆయ్. వచ్చేసినవండి."

కార్తీక బహుళ సప్తమి. పోటు. మోకాలి లోతు.

బదిలీ కాగితం వచ్చింది. మూడేళ్ళు దీని కోసం చూశాను కాబట్టి సంతోషించాలి. పెట్టె సర్దాను. చెప్పులు దులిపాను. ఈ రోజు పీత లేదు. ఎందుకో మళ్ళీ ఒకసారి దులిపి చూశాను.

రేవులో పడవ ఎదురు చూస్తోంది. ఊరంతా వచ్చింది. అప్పయమ్మ పీట వేసి కూర్చోబెట్టి నా పాదాలకి పసుపు రాసింది. ఆముదం వాసన. నుదుట అరచేయంత కాకపోయినా పెద్ద బొట్టే పెట్టింది. తర్వాత పళ్ళెం కింద పెట్టి లేచింది.

"అవ్వా, చీర?" అన్నాడు పడవవాడు, ఆలస్యమవుతోందని.

"చీరా?" అంది అప్పయమ్మ, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. "మగ్గం మీదుంది. ఇంకా పోగులే ఎక్కించలేదంట."

నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. నా వెనక ఎనిమిది కాళ్ళ చప్పుడు.

"పసుపు ఉన్నది. ఎర్రచుక్క ఉన్నది. ప్రాణము ఉన్నది. కొత్త చీర లేదు."

నడుం దగ్గర పట్టుకుని, చీర కుచ్చిళ్ళు నలగకుండా ఎత్తి, పడవ ముందు నుంచే మోసుకెళ్ళి, మడలో పోటు నీళ్ళ మధ్య మోకాలి లోతున నన్ను నాటింది. చుట్టూ తాటాకు దడి కట్టడం మొదలుపెట్టింది. ఎరువు గంప తేబోతే వద్దని బతిమాలుకున్నాను. దించమని ఒక్కసారి అడిగాను, గట్టిగా అడగలేదు. గట్టు మీద నుంచి అప్పయమ్మ కేకేసింది.

"భోంచేసేవా అమ్మాయ్?"

మూడేళ్ళ నుంచీ నేను మేడంగారిని. ఈ రోజు అమ్మాయిని అయ్యాను. లేదని తల ఊపాను. పులుసు గిన్నె తేవడానికి ఆవిడ లోపలికి వెళ్ళింది. పడవ నా పెట్టెని తీసుకుని వెళ్ళిపోయింది, ఆ పెట్టెలో పొడి నేల మీద వేసుకోవలసిన కొత్త చెప్పులు ఉన్నాయి.

దడి లోపల నుంచే కొండ ఆఫీసుకి వర్తమానం పంపాను: వరండాలో తుమ్మకి కాయ కాయనివ్వకండి, వారానికి ఒకసారి బొట్టు పెట్టండి. నేను విధుల్లో చేరలేకపోతున్నాను. కారణం: నాటబడ్డాను. చీర నేత పూర్తయ్యాక బయల్దేరతాను. తొందరేమీ లేదని మగ్గంవాళ్ళకి నేనే చెప్పి పంపాను.